పడనిచ్చే విమానం

1964 ఆగస్టు 16, ఆదివారం, సాయంత్రం నాలుగున్నర గంటలకు, మహబూబ్‌నగర్‌లో మా పాఠశాల మైదానం నడుమ నా స్నేహితుడు వెల్లకిలా పడిపోయాడు. ఈ జ్ఞాపకానికి అదే మొదలు.

ఆ రోజుల్లో నేను ఆ పాఠశాలలో సైన్సు ఉపాధ్యాయుణ్ని. హైదరాబాదులో బి.ఎస్సీ. చదువుతుండగా విమాన నమూనాలు కట్టే విద్యార్థుల బృందంలో చేరి, తీగలతో ఎగరేసే విమానాన్ని నడపడం నేర్చుకున్నాను. రెండు సన్నని ఉక్కు తీగలు విమానం రెక్క నుండి మన చేతిలోని పిడి వరకు వస్తాయి. ఇంజను మోగుతూ విమానం మన చుట్టూ తిరుగుతుంటే, మనమూ ఉన్నచోటనే దానితో పాటు తిరుగుతూ ఉండాలి. పిడిని వంచిన తీరును బట్టి అది లేస్తుంది, దిగుతుంది, సాధన చేసినవారి చేతిలో పల్టీలు కూడా కొడుతుంది. మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం దొరికాక ఆదివారాలు మైదానంలో అదే నాకు కాలక్షేపం.

నా స్నేహితునికి బస్టాండు సమీపంలో రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. నాకంటే రెండేళ్లు పెద్ద. పసితనంలో వచ్చిన జ్వరం వల్ల ఎడమకాలు ఎండిపోయి, చంకకర్ర ఆసరాతో నడిచేవాడు. ఆదివారం దుకాణం కట్టేసి మైదానం గట్టు మీద కూర్చుని నా విమానాన్ని చూసేవాడు. ఆ రోజు పిడి తనకు ఇవ్వమన్నాడు. ఇచ్చాను. కర్ర మీద బరువు మోపి ఒక చుట్టు బాగానే తిరిగాడు. రెండో చుట్టులో కర్ర కాలికి అడ్డుపడింది. అతడు పడిన మరుక్షణమే విమానం కూడా ముక్కుతో నేలను పొడిచి ముక్కలైంది. ఇంజను ఒక్కటే చెక్కుచెదరకుండా మిగిలింది.

నేను పరుగెత్తి వెళ్లేసరికి అతడు ఆకాశం వైపు చూస్తూ నవ్వుతున్నాడు.

“జహాజ్ తప్పు లేదు భాయి. నా తప్పు గూడ లేదు. తప్పంత తీగది. తీగ తీసేద్దాం.”

ఆ మాటను నేను హాస్యంగానే తీసుకున్నాను. అతడు అలా తీసుకోలేదని రెండు వారాల్లో తెలిసింది. హైదరాబాదు వెళ్లి పాత సైనిక సామాను అమ్మే వీధిలో వాల్వులు, కాయిళ్లు ఏరి తెచ్చాడు. గ్రంథాలయంలోని ఒక విదేశీ పత్రికలోంచి నేను రాసి ఇచ్చిన పటం ముందు పెట్టుకుని రేడియో పెట్టె తయారు చేయడం మొదలుపెట్టాడు. ఆకాశంలోకి సంకేతాలు పంపడానికి ప్రభుత్వ అనుమతి కావాలంటే ఆఫీసుల చుట్టూ తిరిగి అదీ తెచ్చుకున్నాడు. దసరా నాటికి దుకాణంలో ఒక మూల నుండి మీట నొక్కితే మరో మూలన ఉన్న చిన్న పరికరం టక్కుమని కదిలింది. ఆ పరికరం చేయగలిగింది ఒక్కటే పని. మీట నొక్కి పట్టుకుంటే విమానం తోక మీది చుక్కాని కుడికి తిరుగుతుంది. వదిలితే తిన్నగా వస్తుంది. మళ్లీ నొక్కితే ఎడమకు తిరుగుతుంది. పైకి, కిందికి అనే ఆజ్ఞలు లేవు.

ఇక విమానాన్ని ఎంచుకోవలసి ఉంది. మా వద్ద ఉన్నది ఒకే ఇంజను. హైదరాబాదు మిత్రులు పంపిన బల్సా అనే తేలికైన కర్ర ఒక్క విమానానికే సరిపోతుంది, మళ్లీ దొరుకుతుందన్న ఆశ లేదు. కనుక ఎన్నిక తప్పితే, తీగ లేకుండా ఎగరాలన్న అతని కోరిక అక్కడితో ముగిసినట్టే. అతని కోరిక కేవలం ఎగరడమూ కాదు. నేను తీగలతో కొట్టించే నిలువు పల్టీని, అంటే విమానం ముక్కు పైకెత్తి వెల్లకిలా తిరిగి మళ్లీ సరిగా వచ్చే ఆ వలయాన్ని, తన చేతితో కొట్టించాలని అతని పట్టుదల.

కాలేజీ రోజుల్లో నేను పెద్ద కాగితాల మీద దింపుకున్న నమూనాలు రెండు ఉండేవి. ఒకదానికి రెక్క పొట్ట కింద ఉంటుంది. రెక్కలు రెండూ బల్లపరుపుగా, ముక్కు సూదిగా, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అది పల్టీల కోసమే పుట్టిన విమానం. రెండో దానికి రెక్క వీపు మీద ఉంటుంది. రెక్కల కొసలు బాగా పైకి లేచి ఉంటాయి. గాలి ఎటు వంచినా అది తనంతట తాను సర్దుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవారికి అందరూ చెప్పేది అదే.

అతడు మొదటి కాగితాన్ని దుకాణం గోడకు అంటించాడు. నేను రెండో దాని వైపు నిలిచాను. ఈ విషయంలో మా మధ్య చాలా దినాలు వాదం నడిచింది. మొదటి నమూనాకు ఉన్న అభ్యంతరాలు నేను క్రమంగా వివరించాను. పొట్ట కింద రెక్క ఉన్న విమానానికి తోకలోనూ రెక్కల్లోనూ కదిలే పలకలు కావాలి, మన పెట్టెలో ఒక్క మీటే ఉంది. మన నేల మీద చక్రాలు దొర్లవు, పొట్టతో దిగాలి. పొట్ట కింద రెక్క ఉంటే ముందుగా రాయి తగిలేది దానికే. అతడు పరికరాలు తెలిసినవాడు కనుక ఈ మాటలు ఒప్పుకుని కాగితం గోడ నుండి తీసేశాడు. అయితే రెండోది ఖాయమా అంటే తల అడ్డంగా ఊపాడు.

“దానంతట అదే సర్దుకుంటదంటివి. మరి మీట కాడ నేనెందుకు?”

అది మొదట నేర్చుకోవడానికేనని, ప్రమాదం తక్కువని, పల్టీల సంగతి తర్వాత చూద్దామని చెప్పాను. అతడు చేతిలోని సోల్డరింగు కడ్డీని పక్కన పెట్టాడు.

“నేను సడక్ దాటుతుంటే ఎవలో ఒకలు అడగకుంట జబ్బ పట్టుకుంటరు. మంచోళ్లే. పడనియ్యరు. గాలిల గూడ నన్ను పట్టుకునేదే ఇస్తవా మాస్టర్ సాబ్?”

కోపం వస్తే తప్ప అతడు నన్ను మాస్టర్ సాబ్ అనేవాడు కాదు.  అతని ప్రశ్నకు శాస్త్రంలో జవాబు ఉందేమో వెతకాలని అనిపించింది. ఇంటికి వెళ్లి పత్రికలు తిరగేశాను. చుక్కాని ఒక్కటే ఉన్న విమానంతో కూడా పల్టీ కొట్టించే ఉపాయం ఒక వ్యాసంలో కనిపించింది. మీటను నొక్కి పట్టుకుంటే విమానం మలుపులో ఒరిగి, ముక్కు దించి, సుడి తిరుగుతూ కిందికి వస్తుంది. అలా వేగం పుంజుకున్నాక మీట వదిలేయాలి. ఆ వేగంతో ముక్కు తనంతట లేచి, నిలువునా తిరిగి, వలయం పూర్తవుతుంది. కానీ ఇందుకు రెక్కల వంపు సరిగ్గా కుదరాలి. వంపు ఎక్కువైతే విమానం సుడిలోకే దిగదు. తక్కువైతే దిగిన సుడి నుండి బయటికి రాదు. ఎంత ఉండాలో ఆ వ్యాసం చెప్పలేదు.

మరునాడు ఇది విన్న తర్వాత అతడు జొన్న బెండ్లు తెమ్మన్నాడు. మా ప్రాంతంలో పిల్లలు జొన్నకర్ర చీల్చి లోపలి తెల్లని బెండుతో బండ్లు, బొమ్మలు చేస్తారు. బల్సా కంటె తేలిక, ఊరికే దొరుకుతుంది. కోతలైన చేలలోంచి ఒక మోపు తెప్పించాను. బెండుతో, అట్టతో, చింతగింజల జిగురుతో జానెడేసి విమానాలు అనేకం చేశాము. అన్నిటికీ ఒకే ఒళ్లు, ఒకే తోక. రెక్కల వంపు ఒక్కటే తేడా. సాయంత్రాలు ఊరి చివర గుట్ట మీది గుండురాయి ఎక్కి నేను విసిరేవాణ్ని. అతడు కింద కూర్చుని, ఒక్కొక్క దాని తోకపలకను గోటితో కాస్త వంచి పైకి అందించేవాడు. దారిన పోయేవారు ఆగి చూసి, పంతులుకు గాలి సోకిందని అనుకుంటూ వెళ్లేవారు. ఒకాయన ఆగి, దిష్టి తీయించమని నా స్నేహితునికి సలహా కూడా ఇచ్చాడు. తీయిస్తానని అతడు మర్యాదగా చెప్పాడు.

వంపు ఎక్కువైనవి తోక ఎంత వంచినా పెద్దమనుషుల్లా మెల్లగా మలుపు తిరిగి గడ్డిలో దిగాయి. బల్లపరుపు రెక్కలవి గిర్రున తిరుగుతూ సూటిగా నేలను పొడిచాయి. నడుమ రకంలో ఒకటి మాత్రం రెండు చుట్లు సుడి తిరిగి, ఎలాగో తప్పించుకుని ముక్కెత్తి, గుండు మీద ఉన్న నా దాకా లేచి ఆగినట్టయి జారింది. మళ్లీ విసిరితే మళ్లీ అదే చేసింది.

“గిది కావాలె,” అన్నాడతడు. “గిది పడుతది. పడి లేస్తది.”

ఆ బెండు విమానపు రెక్కల వంపునే కొలిచి మా విమానానికి ఖాయం చేసుకున్నాము. రెక్క వీపు మీదే ఉంచాము, కొసలు మాత్రం సగమే లేపాము. రెక్కను ఒంటికి అతికించకుండా, సైకిలు ట్యూబును ఉంగరాలుగా కోసి వాటితో బిగించాము. దెబ్బ తగిలితే రెక్క విరగక ఊడి పడుతుందన్నది నా లెక్క. పై కాగితం పచ్చగా ఉంది. కింది భాగానికి అతడు ముదురు గోధుమ రంగు ఎంచాడు. ఎండలో లేత రంగు ఆకాశంలో కలిసిపోయి విమానం ఎటు ఒరిగిందో తెలియదని అతని వాదన, అది నిజమే. ఇంధనానికి కిరోసిను, మన జిల్లా ఆముదం, దవాఖాన కాంపౌండరు దయతో దొరికిన ఈథరు.

మెత్తని నేల కోసం నేను మా ఊరి వైపు చూశాను. మాది కొత్తకోట సమీపాన గొర్రెలు కాచుకునే కుటుంబం. డిగ్రీ చదివినవాళ్లలో నేనే మొదటివాణ్ని. కోతలు కాగానే రైతులు తమ చేలలో మంద పెట్టించుకుంటారు. గొర్రెలు కొన్ని రాత్రులు ఆ చేనులో పడుకుంటే భూమికి ఎరువు అందుతుంది, కాపరికి గింజలు ముడతాయి. వందల గిట్టల కింద మొదళ్లన్నీ నలిగి ఆ నేల పరుపులా తయారవుతుంది. 1965 జనవరి చివరి ఆదివారం పొద్దున్నే మా చిన్నాయన మంద పెట్టిన చేనికి బస్సులోనూ, ఆపైన ఎద్దుబండిలోనూ చేరుకున్నాము. మంద మేతకు వెళ్లిపోయింది. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలను గంపల కింద కప్పి చిన్నాయన కాపలా ఉన్నాడు.

ఆయన విమానాన్ని అన్ని వైపుల నుండి చూశాడు.

“గింత సదువు సదివి గిదా చేస్తున్నవు? మీ నాయినకు నేనైతే చెప్ప.” తర్వాత నా స్నేహితుని వైపు తిరిగాడు. “నువ్వన్న బుద్ధి చెప్పొద్దా పిలగా?”

“చెడగొట్టిందే నేను కాకా.”

చిన్నాయనకు ఆ జవాబు నచ్చింది. కూర్చోవడానికి తన గొంగడి పరిచాడు.

నా ఏర్పాటు ప్రకారం చిన్నాయన విమానం విసరాలి, మొదట పెట్టె నా చేతిలో ఉండాలి, విమానం క్షేమంగా పైకి చేరాక అతనికి ఇవ్వాలి. కానీ ఇంజను మోగగానే చిన్నాయన చేతులు వెనక్కు కట్టుకున్నాడు. జీవమున్న దానిలా కొట్టుకునే ఆ వస్తువును పట్టుకోనని తేల్చి చెప్పాడు. పరుగెత్తి విసరడం నా స్నేహితునికి వీలు కాదు. ఇక మిగిలిన దారి ఒక్కటే. పెట్టె ముందు అతడు గొంగడి మీద కూర్చున్నాడు. నేను పరుగెత్తి విమానాన్ని గాలిలోకి విసిరాను.

అది ఒక్కసారి తడబడి లేచింది. నేను ఊపిరి తిప్పుకోకుండా అతని వద్దకు వెనక్కు వచ్చేసరికి అది తాటిచెట్టు ఎత్తు దాటి కుడికి మలుపు తీసుకుంటోంది. పెట్టె కోసం చేయి చాచాను. అతడు తల తిప్పలేదు.

“జర దూరం నిలబడు భాయి.”

నిలబడ్డాను. విమానం రెండు పెద్ద మలుపులు తిరిగింది. ప్రతి మలుపులోనూ ఇంకొంత ఎత్తుకు చేరింది. తర్వాత అతడు మీట నొక్కి వదలకుండా పట్టుకున్నాడు. రెక్క ఒరిగింది. ముక్కు దిగింది. విమానం సుడి తిరుగుతూ, అంతకంతకూ వేగంగా, గంపల వైపు దిగసాగింది. వదలమని అరవబోయి నోరు మూసుకున్నాను. ఎప్పుడు వదలాలో అతనికి బెండు విమానాలే నేర్పాయి.

అంతలో నా వెనక గాలి చీలిన చప్పుడైంది. తిరిగి చూస్తే చిన్నాయన చేతిలో రాళ్లు విసిరే వడిసెల తిరిగి అప్పుడే ఆగింది. మరుక్షణం పైన టప్పుమని వినిపించింది. ఎడమ రెక్కకు రంధ్రం పడింది. సరిగ్గా అప్పుడే నా స్నేహితుడు మీట వదిలాడు. చిరిగిన రెక్కతోనే విమానం ముక్కెత్తి, నిలువునా లేచి, వెల్లకిలా కాబోతూ పక్కకు ఒరిగి, గింగిరాలు తిరుగుతూ చేనులో పడింది. రెక్క ఊడి దూరంగా పడింది.

చిన్నాయన వడిసెలను కింద పడేసి, నోటి మీద చేయి పెట్టుకున్నాడు. అది విమానమని ఆయనకు తెలుసు. విసరడం కళ్లారా చూశాడు. సూటిగా పోయినంతసేపు వేడుక చూస్తూ నిలబడ్డాడు కూడా. కానీ గోధుమ రంగు రెక్కలది ఒకటి సుడి తిరుగుతూ గొర్రెపిల్లల మీదికి దిగితే ఏం చేయాలో ఆయన చేతికి చిన్ననాటి నుండి అలవాటు.

“తెలుసు బిడ్డా. తెలిసి గూడ చెయ్యి ఆగలే,” అన్నాడు. తర్వాత తనతో తాను చెప్పుకున్నట్టుగా, “ఇన్నేండ్లల్ల గద్దకు ఒక్క రాయి తాకలే నాది. దీనికే తాకాల్నా?” అన్నాడు.

నేను నా స్నేహితుని ముఖం వైపు చూడటానికి సందేహించాను. నెలల తరబడి చేసిన పని చేనులో రెండు ముక్కలై ఉంది. అతడు మాత్రం కర్ర అందుకుని లేచి చిన్నాయన దగ్గరికి వెళ్లాడు.

“కాకా, నిజంగ గద్దే అనుకున్నవా?”

“గద్ద గట్లనే దిగుతది.”

“సుడి మంచిగ తిరిగిందా?”

“గద్ద తీరుగనే తిరిగింది పిలగా.”

అతడు నా వైపు తిరిగాడు. “ఇన్నవా? గద్ద తీరుగ తిరిగిందంట. ఇంక నువ్వేం వంక పెట్టినా నేను నమ్మ.”

విమానాన్ని పరీక్షించాము. రేడియో పరికరం చుట్టూ పెట్టిన దూది దాన్ని కాపాడింది. ఇంజనులో మట్టి చేరింది, అంతే. ట్యూబు ఉంగరాలు రెండు తెగినా రెక్క నిలువునా విరగలేదు. రాయి తగిలినచోట ఒక సన్నని కర్ర మాత్రం విరిగింది. చిన్నాయన చెప్పకుండానే జొన్నకర్ర పైతొక్క చీల్చి, విరిగిన చోట రెండు వైపులా పెట్టి, దారంతో చుట్టసాగాడు. కాలు విరిగిన గొర్రెపిల్లలకు ఆయన కట్టే కట్టు అదే. కడుతూ కడుతూ నా స్నేహితుని కాలు వైపు చూశాడు.

“నీకు చిన్నప్పుడు ఎవలు కట్టలేదా?”

నేను సిగ్గుతో కుంచించుకుపోయాను. అతడు నొచ్చుకోలేదు.

“నాది ఇరగలే కాకా, ఎండింది. ఇరిగితే నీ దగ్గరికే వద్దును.”

చిన్నాయన తల ఊపి ముడి బిగించాడు. రంధ్రం మీద నేను పత్రిక ముక్క అంటించాను. ఇంధనం ఇంకొక్కసారికి సరిపోయేంత ఉంది. ఒక వైపు కట్టు బరువు చేరింది కనుక విమానం సరిగా ఎగురుతుందో లేదో చెప్పలేనని, ఇంటికి తీసుకెళ్లి కొత్త కర్ర వేస్తే మంచిదని నా అభిప్రాయం చెప్పాను. పడితే ఈసారి మిగలకపోవచ్చునని కూడా చెప్పాను. అతడు శ్రద్ధగా విన్నాడు.

“పడితే పడనీ. ఇసురు.”

చిన్నాయన వడిసెలను మడిచి, మళ్లీ పెట్టె ముందు కూర్చున్న అతని ఒడిలో పెట్టి, తాను వెళ్లి గంపల నడుమ కూర్చున్నాడు. నేను విసిరాను. విమానం ఎడమకు ఒరిగింది. అతడు మీటను ఎడమ వంతుకు తాకీ తాకనట్టు, కుడి వంతుకు కాస్త పట్టి నొక్కుతూ దాన్ని కుడికి తెచ్చుకుంటూ ఎత్తుకు చేర్చాడు. ఈసారి గంపలకు దూరంగా, చేను అవతలి కొస మీదికి తీసుకెళ్లాడు. మీట నొక్కి పట్టుకున్నాడు. సుడి ఒకటి, రెండు. వదిలాడు. ముక్కు లేచింది. పచ్చని వీపు మాకు కనబడింది, అంటే విమానం వెల్లకిలా ఉంది. అక్కడ ఒక్క క్షణం వేలాడినట్టుగా ఆగి, ముక్కు దించి, గుండ్రంగా జారి, తిన్నగా నిలిచి మా వైపు వచ్చింది. నేను తీగలతో కొట్టించేవంత గుండ్రంగా లేదు, కొంచెం కోడిగుడ్డు ఆకారంలో ఉంది. కానీ వలయం పూర్తయింది.

 ఇంధనం అయిపోయి ఇంజను ఆగేవరకు అతడు ఇంకో రెండు కొట్టించాడు. విమానం జారుతూ వచ్చి మెత్తని నేల మీద పొట్టతో దిగింది. అప్పుడు పెట్టె పక్కన పెట్టి, రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. చిన్నాయన గంప ఎత్తి పిల్లలను ఒకసారి చూసుకుని మళ్లీ కప్పాడు.

ఆ ఆదివారం తర్వాత మా ఇద్దరిలో విమానం నడిపేవాడు అతడే అయ్యాడు. నేను విసిరి పక్కకు తప్పుకునేవాణ్ని. మరుసటి ఏడు హైదరాబాదు మిత్రుల వద్ద మళ్లీ బల్సా దొరికినప్పుడు రెండో విమానం కట్టాము. దానికి రెక్కల వంపు ఎంత ఉండాలో అతడు నన్ను అడగలేదు. తానే నిర్ణయించాడు.